రెండు చెంచాల నీళ్లు

నాన్నకు తల తిరిగింది నౌపడలో, ఉప్పు మడుల గట్టు మీద. ఎండదెబ్బ అనుకున్నాం. నిమ్మరసం తాగించి నీడలో పడుకోబెట్టాం. మాట ముద్దగా వస్తోందనీ, ఒక్క మనిషే ఇద్దరుగా కనిపిస్తున్నాడని అంటున్నాడనీ గమనించేసరికి మూడు గంటలు గడిచిపోయాయి. శ్రీకాకుళంలో స్కాన్ తీసి విజయనగరం పంపారు. మెదడు వెనుక భాగానికి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందట. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి దాన్ని లాగేశారు.

గడ్డ బయటికి వచ్చేసిందనగానే నాన్న లేచి కూర్చుంటాడనుకున్నాను. నా తొందర అలాంటిది. డాక్టరు మాత్రం ఏదీ తేల్చలేదు. "రక్తం ఎంతసేపు ఆగింది, ఎంత మేర దెబ్బతింది, షుగరు ఎలా ఉంటుంది, అన్నీ చూడాలి. ముందు మింగడం రావాలి. మేం చెప్పేదాకా నోట్లో చుక్క కూడా పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం" అన్నారు.

ఆ మాట అమ్మకు ఎక్కలేదు. రోజూ ఆ ఊళ్లోనే ఉన్న మా బంధువులింట్లో చోడంబలి కాచి స్టీలు క్యాన్‌లో తెచ్చేది. చోళ్ల పిండి, అదే రాగిపిండి, చిక్కగా కాచి పోస్తే తప్ప మా ఇంట్లో ఎవరూ జబ్బు నుంచి లేవరని ఆవిడ నమ్మకం.

"ముక్కులో గొట్టమెట్టి ఆ తెల్లనీళ్లు పోస్తే సత్తువెక్కడ్నించొస్తాదిరా?"

"నాన్నని సంపేస్తావేటి?" అని వార్డు గుమ్మంలో, అందరూ చూస్తుండగా అరిచాను. అమ్మ క్యాన్ మూత బిగించి బెంచీ మీద కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం నేను లోపల ఉన్నాను. నాన్న పెదవులు పగిలిపోయి ఉన్నాయి. మాట రాక, నీళ్ల సీసా వైపు చూసి వేలు నోటి దగ్గరకు తీసుకెళ్లాడు. అంబలి కాదు కదా, ఉత్త నీళ్లే కదా అనుకున్నాను. నర్సు అటు తిరిగినప్పుడు ఒక చెంచా పోశాను. ఇంకో చెంచా పోశాను.

రెండో చెంచాకు దగ్గు మొదలైంది. ముఖం నల్లబడింది. నర్సు పరుగెత్తుకొచ్చేలోగా చెంచా జేబులో వేసుకున్నాను. సాయంత్రానికి జ్వరం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తికి నిమ్ము పట్టిందన్నారు.

"ఎవరేం పట్టారు?" అని గుమ్మంలోకి వచ్చి గద్దించింది నర్సు. ఆమె చూపు అమ్మ క్యాన్ మీద పడింది. నేను నోరు తెరిచేలోగా అమ్మ లేచి నిలబడింది.

"నానేనమ్మా. బుద్ధి గడ్డి తిన్నాది."

ఇక అమ్మను లోపలికి రానివ్వలేదు. నేను నోరు మూసుకున్నాను. నాలుగు రోజులు నాన్న ఛాతీ లేచి పడటాన్నే చూస్తూ గడిపాను. ఒక్కోసారి కాస్త ఆగినట్టుంటే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ని. ఇంత పిరికివాణ్ని అని నాకే తెలియదు.

ఆ మర్నాడు జ్వరం దిగింది. మింగడం పరీక్షించే అమ్మాయి వచ్చింది. "మొదట నీళ్లు పట్టకూడదండీ. పల్చనివి గబుక్కున జారి ఊపిరి గొట్టంలోకి పోతాయి. చిక్కటివే నయం. ఇంట్లో ఏం తాగేవారు?" అని అడిగింది.

బయటకెళ్లి అమ్మ క్యాన్ తెచ్చాను. ఆ అమ్మాయి ఉండలు లేవని చూసుకుని, నాన్నను నిటారుగా కూర్చోబెట్టి, చెంచా కొసన అంబలి పెట్టింది. గొంతు కదిలింది. దగ్గు రాలేదు. గొంతులో ఏమీ నిలవలేదని తేల్చుకోవడానికి "ఆ" అనమంటే, బొంగురుగానైనా, నాన్న "ఆ" అన్నాడు.

బయట బెంచీ దగ్గరకెళ్లి అమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాను. "అమ్మా, ఆ రోజు నీళ్లు పోసింది నేనే" అన్నాను.

"తెల్సురా. నీ జేబులో సెంచా ఉన్నాది, సొక్కా తడిసున్నాది."

"మరెందుకు చెప్పలేదు?"

"నువ్వని సెప్తే నిన్ను లోపలకి రానిత్తారా? ఆ మందుల పేర్లు, ఆ మిషన్ల గోల నాకేటి తెలుస్తాది? మీ అయ్య కాడ నువ్వుండాల" అంటూ నా చేతిలోని క్యాన్ తీసుకుని, మిగిలిన అంబలి ఒంపేసి కడగడానికి కొళాయి వైపు నడిచింది.