బాపు తాగిన గాలి

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో మా బాపు కిడ్నీలు పాడయ్యాయి. డయాలిసిస్ మొదలుపెట్టాక డాక్టరు నీళ్ళకు హద్దు పెట్టాడు. రోజంతటికీ చిన్న సీసాడు. అందులోనే మందులు మింగాలి. పైన రేకులు, బయట మండే ఎండ, ఆ హద్దు పెట్టింది పొలం పనిలో చెంబులకు చెంబులు ఎత్తి తాగిన మనిషికి. ఆ డాక్టరు మీద నాకు ఊరికే కోపం వచ్చేది.

నీళ్ళ కాపలా అమ్మది. కుండను వంటింట్లోకి మార్చి, తానే గ్లాసులో కొలిచి ఇచ్చేది. తనకు దాహమైతే పెరట్లోకి పోయి, బాపు కంట పడకుండా తాగి వచ్చేది.

నేనప్పుడు బడంగ్‌పేటలో ఉంటూ, కాలనీ ఆడవాళ్ళతో పొద్దున్నే యోగాకు పోయేదాన్ని. ఒళ్ళు చల్లబడటానికి అక్కడ శీతలి ప్రాణాయామం చేయించేవారు. నాలుకను గొట్టంలా మడిచి, దాని గుండా గాలి పీల్చి, నోరు మూసి ముక్కుతో వదలాలి. అమ్మవాళ్ళింటికి వెళ్ళినప్పుడు బాపుకు నేర్పాను.

"గాలి తాగితె దూప తీరుతదా బిడ్డా?" అన్నాడు.

"తీరదు బాపు. నాలుక జర సల్లగైతది."

తీరుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బాపు నాలుక చక్కగా మడతపడింది. అమ్మ ఎంత ప్రయత్నించినా పడలేదు. "నోరు మాత్రం గింత పెద్దగుంటది, నాలుక మడువరాదు," అని బాపు ఎగతాళి చేశాడు. అమ్మ ఊరుకోలేదు. నాలుక మడతపడని వాళ్ళు పళ్ళు బిగించి వాటి సందుల్లోంచి పీల్చవచ్చని చెబితే, అలాగే మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని గాలి తాగేవాళ్ళు. అమ్మకు ఏ జబ్బూ లేదు. ఆ దాహంలో బాపు ఒక్కడే ఉండకూడదని చేసింది.

వానలు పడకముందే బాపు ఒళ్ళంతా ఉబ్బింది. దవాఖానవాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచంలో పడుకుని నాలుక బయటికి చాపేవాడు గానీ, మడిచే శక్తి లేదు.

ఒక సాయంత్రం బాపుకు శ్వాస అందడం లేదు. "ఇగ మన చేతుల లేదు, నోట్లె నీళ్ళు పోయుండ్రి," అన్నాడు పెదనాన్న. ముందు ఆయనే చెంచాతో పోశాడు. తర్వాత నేను పోశాను. మేనత్త చెంబు అందుకుంటుంటే, అమ్మ చప్పున చేయి అడ్డం పెట్టింది.

"సాలు వదినా. ఇయ్యాల్టికి ఎక్కువైతయి."

ఆ చేతిని పక్కకు జరపడానికి మాలో ఎవరికీ ధైర్యం రాలేదు.