మోకాలి నొప్పి పెద్దమ్మ

నన్ను మొట్టమొదట డాక్టర్ అని పిలిచింది మా నాన్న. అప్పటికి నేనింకా తెల్లకోటు కూడా కుట్టించుకోలేదు. హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర మోటార్లు బాగుచేసే షాపు ఆయనది. వచ్చిన ప్రతివాడికీ "మా బిడ్డ డాక్టర్ చదువుతున్నది" అని చెప్పేవాడు. ఏం డాక్టరని ఎవరైనా గుచ్చి అడిగితే మాత్రం ముందున్న మోటారులోకి తల దూర్చేవాడు. మా మేనత్తకు అలాంటి మొహమాటాలేవీ లేవు. "అసలు డాక్టరా, తీపి గోళీల డాక్టరా?" అని చుట్టాలందరి ముందూ అడిగింది. "తీపి గోళీల డాక్టరే అత్తా, నీకు రెండియ్యనా?" అన్నాను. రెండు కాదు, సీసాడూ చప్పరించి, మంచిగున్నయంది.

గోళీలు తీపే గానీ హోమియో చదువు తీపి కాదు. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మా దగ్గర జ్వరమొచ్చిన మనిషిని జ్వరం ఎంతుందని అడిగి వదిలిపెట్టరు. దాహం వేస్తుందా, వేస్తే చల్లని నీళ్లు కావాలా వేడివా, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, ఉరుమంటే భయమా, ఎవరైనా ఓదారిస్తే ఏడుపు తగ్గుతుందా ఇంకా పెరుగుతుందా, కలలో ఏమొస్తుంది... ఇవన్నీ అడగాలి. పేషెంటు ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాసుకోవాలి. దీన్ని కేసు తీసుకోవడం అంటాం. సరిగ్గా తీస్తే ఒక్కో కేసుకు గంట పడుతుంది.

హైటెక్ సిటీ చుట్టుపక్కల గంట తీరిక ఎవరికుంది? మా కాలేజీ ఓపీకి వచ్చేవాళ్లలో సగంమంది మెడలో ఐడీ కార్డుతో, చెవిలో ఫోనుతో వచ్చేవారు. "జర జల్దీ చూడండి మేడమ్, పదకొండింటికి కాల్ ఉంది" అంటూనే కూర్చునేవారు. ఒకతన్ని కలల గురించి అడిగితే "సర్వర్ పడిపోయినట్టు కలొస్తది" అన్నాడు. ఆ కల మా పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. ఎత్తు నుంచి పడినట్టు కలలు అన్న చోట సర్దేశాను.

చదువు మూడో ఏడాదిలో నాకు ఒక జబ్బు పట్టుకుంది. మనిషి గుమ్మం దాటి లోపలికి రాకముందే మందు తేల్చేయడం. మా పుస్తకాల్లో ఒక్కో మందుకు ఒక్కో మనిషి స్వభావం వర్ణించి ఉంటుంది. చదివేకొద్దీ ఆ మనుషులందరూ మా ఇంట్లోనే తిరుగుతున్నట్టు ఉండేది. కారం, చాయ్, కోపం మూడూ సమపాళ్లలో ఉన్న నాన్న నక్స్ వామికా. ఇంటి పనితో విసిగిపోయిన ఆడవాళ్లకు సెపియా అని చదివిన రోజే అమ్మకు ఆ పేరు పెట్టేశాను. "సెపియా లేదు, గిపియా లేదు, లేచి గిన్నెలు కడుగు" అంది అమ్మ. అలా విసుక్కోవడం కూడా సెపియా లక్షణమే కదా అని నోట్సులో రాసుకున్నాను. ఎంత పొగరో నాకు!

ఆ పొగరు ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్షలో దిగింది.

మా పరీక్షల సంగతి బయటివాళ్లకు తెలియదు. ప్రాక్టికల్ రోజున ప్రతి స్టూడెంటుకీ ఒక పేషెంటును అప్పగిస్తారు. గంటసేపు కేసు తీసి, మందు తేల్చి, ఎగ్జామినర్ ముందు నిలబడాలి. అంతమంది పేషెంట్లు ఆ రోజుకే ఎక్కడి నుంచి ఊడిపడతారు? అందుకే కాలేజీవాళ్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది. పాత పేషెంట్లలో ఓపికున్నవాళ్లకు ముందురోజు ఫోన్ చేసి పిలిపిస్తారు. పొద్దున ఇడ్లీ పొట్లం, మధ్యాహ్నం భోజనం పెడతారు. ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లకు తమ కేసు కంఠతా వచ్చేసి ఉంటుంది. మనం ఏదైనా అడగడం మరిచిపోతే వాళ్లే గుర్తు చేస్తారు.

నాకు పడ్డ పెద్దమ్మ అలాంటి మనిషి. అరవై దాటి ఉంటాయి. ముఖాన రూపాయి బిళ్లంత బొట్టు, గంట మోగినట్టుండే గొంతు. మోకాలి నొప్పి కేసు. మంచం మీద ఒక్క నిమిషం కుదురుగా కూర్చోకుండా అటూ ఇటూ కదులుతోంది. కదిలితే హాయి, కూర్చుంటే నొప్పి, ఇంకేముంది, రస్ టాక్స్! నేను కుర్చీ లాక్కోకముందే మందు తేలిపోయింది. "బిడ్డా, నిద్ర సంగతి అడగలే" అని పెద్దమ్మ రెండుసార్లు అందించినా, తల ఊపుతూ నాకు కావలసింది రాసేసుకున్నాను.

ఎగ్జామినర్ కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. పేపరు చదివి, "ఈవిడ ఎందుకు కదులుతున్నారో అడిగారా అమ్మా?" అన్నారు మెల్లగా. అడగలేదు. ఆయనే అడిగారు. "బాత్రూంకు పోవాలె సార్. ఈ బిడ్డ రాసుకుంటుండె, నడుమ లేస్తే బాగుండదని ఆగిన" అంది పెద్దమ్మ. మా వార్డంతా నవ్వింది. నేను ఫెయిలయ్యాను.

ఆరు నెలలు ఇంట్లో తల ఎత్తుకోలేకపోయాను. నాతోటివాళ్లు ఇంటర్న్‌షిప్‌లో చేరి, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని ఫోటోలు పెడుతున్నారు. నాన్న షాపుకొచ్చేవాళ్లకు నా గురించి చెప్పడం మానేశాడు. అదే ఎక్కువ బాధ నాకు. రెండోసారీ పోతే మా మేనత్తలాగా గోళీలు చప్పరించడమే గతి.

సప్లిమెంటరీ రోజు వార్డులోకి వెళ్లి చూస్తే నాలుగో మంచం మీద మళ్లీ ఆ పెద్దమ్మే. నన్ను చూసి ముఖం ఇంత చేసుకుంది. "ఈపాలి ముందుగాల్నే పోయొచ్చిన, ఫికర్ చెయ్యకు" అంది. నేను నవ్వలేకపోయాను. ఆమె మాత్రం కేసు అందుకుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ వేళకు పెరుగుతుంది, చలికాలం ఎట్లుంటుంది, పులుపు ఇష్టమా తీపి ఇష్టమా, అన్నీ నేనడగకుండానే వరుసగా అప్పగించింది. నేను ఆమె మాటల్లోనే మొత్తం రాసుకున్నాను. ఇంకా ఇరవై నిమిషాల టైముంది. ఇంత సులువుగా పాసవుతానని కలలో కూడా అనుకోలేదు.

కానీ కిందటిసారి తిన్న దెబ్బ ఊరికే పోదు కదా. పెన్ను పక్కన పెట్టి ఆమెను తేరిపార చూశాను. పెద్దమ్మ మంచం మీద హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రెండు మోకాళ్లూ పూర్తిగా మడిచి, వాటి మీదే ఇడ్లీ పొట్లం పెట్టుకుంది.

"పెద్దమ్మా, గింత నొప్పి ఉంటే గిట్ల ఎట్ల కూసున్నవ్?" అన్నాను.

ఆమె చటుక్కున కాళ్లు చాపబోయి, మళ్లీ ఎందుకనుకుందో ఆగిపోయింది. చుట్టూ చూసి, ముందుకు వంగి చెప్పింది. "నొప్పి పొయ్యి నాలుగేండ్లయింది బిడ్డా. రాయకు."

"మరి ఎందుకొస్తున్నవ్?"

"మియాపూర్ల మా కొడుకు ఫ్లాట్ల ఉంట. కొడుకుదీ కోడలుదీ ఇద్దరిదీ ఇంట్లనే పని. చెరొక రూములో కంప్యూటర్ ముందట కూసుంటరు. పొద్దుగాల తొమ్మిదయ్యిందంటే ఇగ చప్పుడు రావద్దు. కుక్కర్ కూత వెయ్యద్దు. నేను దగ్గినా కొడుకు చెయ్యి ఊపుతడు. పొద్దుమీకితే అమెరికోళ్లు లేస్తరట, మళ్ల మొదలు. మంచోళ్లే బిడ్డా, ఇద్దరూ మంచోళ్లే. దినమంతా మాట్లాడుతనే ఉంటరు, నాతోని కాదు, గంతే." పొట్లం దారం విప్పుతూ అంది. "ఈడ గంటసేపు గట్టిగ మాట్లాడుత. నడుమ ఆపెటోళ్లు లేరు. పైగా నేన్జెప్పింది రాసుకుంటరు. మోకాలు మంచిగైందంటే మళ్ల పిలుస్తరా?"

పక్కన పెట్టిన పెన్ను మళ్లీ అందుకున్నాను. ఆమె చెప్పిన మోకాలి నొప్పినే ఉంచి, పుస్తకం తిరగేసి దానికి తగిన మందు రాశాను. ఇది తప్పని తెలుసు. రాయకు అని ఒక మనిషి నమ్మి చెప్పిన తర్వాత రాయడం అంతకంటే తప్పనిపించింది.

ఎగ్జామినర్‌గా ఆ పెద్దాయనే వచ్చారు, పక్కన మా కాలేజీ మేడమ్. ఆయన పేపరు తిప్పి, నా ముఖం చూసి, మంచం మీద మనిషిని చూసి, "పోయినసారి కూడా మీకు ఈవిడే కదా? మంచిది. ఆర్నెల్లలో ఈ మోకాలికి ఏం మార్పు వచ్చిందో చెప్పండి" అన్నారు.

మార్పేమీ లేదంటే, ఏళ్ల తరబడి మా ఓపీలో తిరుగుతున్న మనిషికి మీరు చేసిందేంటని అడుగుతారు. తగ్గిందంటే, పేపరులో నొప్పి ఎందుకు రాశావంటారు. పైగా పెద్దమ్మ పేరు జాబితాలోంచి పోతుంది. ఆయన ఎర్ర పెన్ను క్యాపు తీసిన చప్పుడు వినిపించింది.

"తగ్గింది సార్!"

వార్డు అదిరేలా అంది పెద్దమ్మ. మంచం దిగి, కొంగు నడుముకు దోపి, గొంతుక్కూర్చుని లేచి చూపించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. "సూడుండ్రి. ఈ బిడ్డ ఇచ్చిన మందుతోనే తగ్గింది."

"మరి నొప్పి ఉందని రాసిందేమిటమ్మా?"

"అలవాటుల పాత నొప్పే చెప్పిన సార్, తప్పు నాదే. గట్లెట్ల కూసున్నవని బిడ్డ అప్పుడే అడుగవట్టె, గంతల మీరొచ్చిండ్రు."

నేను ఆమెకు ఒక్క గోళీ కూడా ఇచ్చి ఎరగను. పరీక్షలో కేసు రాయడమే గానీ మందు ఇవ్వం. ఆ మాట అక్కడే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. పాసవ్వాలన్న ఆశ నా నోరు నొక్కేసింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎగ్జామినర్ మందు సంగతి తవ్వకుండా "ఈసారి పేషెంటును చూసి అడిగారన్నమాట" అని మార్కులు వేసి పక్క మంచానికి వెళ్లారు. మా మేడమ్ సంతోషంగా జాబితా తీసి, నాలుగో మంచం ఎదురుగా క్యూర్డ్ అని రాసి, పేరు కొట్టేశారు.

గేటు దాకా ఆమెతో నడిచాను. "పాసైతవు గదా?" అంది. అయితనన్నాను. "మంచిగైంది. ఇగ నన్ను పిలువరు తీయ్" అని నవ్వి, ఆటో ఎక్కింది. అంత గొంతున్న మనిషి ఆ మాట మాత్రం మామూలుగా అనేసింది.

ఇంటర్న్‌షిప్‌లో చేరిన ఐదో నెలలో మళ్లీ పరీక్షలొచ్చాయి. పేషెంట్లకు ఫోన్లు చేసే పని ఈసారి నా మీద పడింది. పాత జాబితాలో కొట్టేసిన గీత కింద ఆమె నంబరు ఇంకా కనబడుతూనే ఉంది. చేశాను. ఎవరో అబ్బాయి ఎత్తి "వన్ మినిట్, మీటింగ్‌లో ఉన్నా" అని గుసగుసగా అని, ఫోను ఎవరికో ఇచ్చాడు. నేనెవరో చెప్పి, రేపు పరీక్షకు వస్తవా పెద్దమ్మా అని అడిగాను.

"వస్త బిడ్డా" అంది. అది ఆమె గొంతేనని నమ్మడానికి నాకు టైం పట్టింది. అంత సన్నగా ఉంది. "ఈపాలి ఏం నొప్పని చెప్పాలె?"

"ముందైతే రా పెద్దమ్మా" అన్నాను.

కొత్త జాబితాలో ఆమె పేరు రాసి మేడమ్‌కు ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "ఈమె ఎదురుగా జబ్బు రాయలేదేంటి?" అన్నారు.

"పిల్లలు అడిగి తెలుసుకుంటారు మేడమ్" అన్నాను.