ఖాళీ గోడను నాకిన పెయ్య

పాల డెయిరీలో ఆమెను అందరూ దూడలమ్మ అనేవారు. పుట్టిన దూడకి మొదటి పాలు తాగించిన దగ్గర్నుంచి అది మందలో కలిసేదాకా ఆలనాపాలనా ఆమెదే. మనిషి మాటకారి. దూడలతోనూ వరసలు కలిపేది. పాలు కక్కితే, "ఏమే కోడలా, అత్త పెట్టింది ఒంటబట్టలేదా?" అంటూ మూతి తుడిచేది.

డెయిరీ వ్యాను నడిపే భర్త గుండెపోటుతో పోయాక ఆ మాటలు తగ్గిపోయాయి. పిల్లలు లేరు. ఇద్దరం ఉన్న ఇల్లు ఒక్కదానికెందుకని ఖాళీ చేసి, డెయిరీ వెనక గదిలోకి మారింది. చెల్లెలు తనింటికి రమ్మంటే, మీ సంసారంలో నేనెందుకు అడ్డం అని తప్పించుకుంది.

ఆ వానాకాలం దూడలకి అంటురోగం పట్టుకుంది. ఒక్కోదాన్ని ఒక్కో రేకుల గదిలో విడిగా కట్టేశారు. ఒకదానికొకటి కనబడకూడదు. వాటిని చూసుకునే దూడలమ్మను కూడా మిగతా పనివాళ్లతో కలవొద్దన్నారు. ఆమెకి అదే హాయిగా అనిపించింది.

రోగం తగ్గి మిగతావన్నీ మందలోకి వెళ్లిపోయినా, దగ్గు వదలని నల్లపెయ్య ఒకటి ఉండిపోయింది. ఓ రోజు దాని గదిలో పాలబకెట్టు తగిలించే కొక్కెం ఊడిపోతే, దూడలమ్మ బకెట్టును ఎదురుగోడకి తగిలించింది. పెయ్య లేచి, అలవాటైన గోడ దగ్గరికే వెళ్లి ఖాళీ రేకును నాకింది. మెడ పట్టి తిప్పి బకెట్టులో మూతి పెట్టిస్తే తాగింది. మర్నాడు మళ్లీ ఆ గోడే. వారం గడిచినా అంతే. వెనక పాలు పొగలు కక్కుతుంటే అది కళ్లు మూసుకుని రేకును చప్పరించేది, గుటకలు వేసేది. ఏమీ లేనిదాన్ని అలా మింగుతుంటే దూడలమ్మకి ఒళ్లు జలదరించేది. రోజూ చూసే తనను కూడా పెయ్య ఎవరన్నట్టు చూసి మూలకి నక్కేది.

పశువుల డాక్టరు పరీక్షించి, దగ్గు కూడా తగ్గిందన్నాడు. ఒంటరిగా పెంచిన దూడలు కొన్ని ఇలాగే అవుతాయనీ, మొదట నేర్చుకున్నదాన్ని వదలలేవనీ, తోడుతో పెరిగినవి ఇంత అవస్థ పడవనీ చెప్పాడు.

"చూపు బాగానే ఉందమ్మా. దాని బుర్రలో మాత్రం పాలు ఇంకా ఆ గోడకే ఉన్నాయి."

ఆ సాయంత్రం పని ముగించుకుని ఇంటికెళ్లి తాళంచెవి తిప్పింది. తిరగలేదు. ఎప్పటిలా తలుపును కాస్త పైకెత్తి మళ్లీ తిప్పింది. లోపల అడుగుల చప్పుడైంది. ఆయన ఇవాళ పెందలాడే వచ్చినట్టున్నాడు అనుకుంది.

తలుపు తీసింది చంకలో బిడ్డతో ఓ పరాయి అమ్మాయి. దూడలమ్మ నిలబడింది తను ఖాళీ చేసిన ఇంటి ముందు. చేతిలో ఉన్నది డెయిరీ గది తాళంచెవి.

ఆ అమ్మాయి కోప్పడలేదు. "మళ్లీ వచ్చారా పిన్నిగారూ? కూర్చోండి, మంచినీళ్లు తెస్తాను."

"మళ్లీ ఏంటమ్మా? నేనెప్పుడు వచ్చాను?"

ఆ అమ్మాయి బిడ్డను ఇంకో చంకకి మార్చుకుంది. "వస్తూనే ఉంటారు కదండీ. ఆయన వచ్చారా అని అడుగుతారు. కాసేపు కూర్చుని వెళ్లిపోతారు."

దూడలమ్మ నీళ్లు తాగకుండానే వెనుదిరిగి, నేరుగా చెల్లెలి ఇంటికెళ్లింది. ఉన్నదున్నట్టు చెప్పింది. చెల్లెలు వెంటనే పక్క వేసింది. మర్నాడు మరిది వెళ్లి ఆమె సామాను తెచ్చేశాడు.

డెయిరీలో మేనేజరును ఒప్పించి, నల్లపెయ్య గదిలోకి అల్లరి ఎర్రదూడనొకదాన్ని వదిలింది. మొదట్లో పెయ్య వణికిపోయింది. తర్వాత దానికి ఒళ్లు ఆనించి పడుకోవడం మొదలుపెట్టింది. ఎర్రదూడ జుర్రుకునే చప్పుడు విని, కొన్నాళ్లకి తనూ బకెట్టు వైపు తిరిగింది. తర్వాత మందలో కలిసింది. అయినా కొట్టంలోకి వచ్చే గేటు చోటు ఏమాత్రం మార్చినా అన్నిటికంటే చివర అదే లోపలికొచ్చేది.

దూడలమ్మకి మాటలు తిరిగొచ్చాయి. మరిదితో రోజూ ఏదో ఒక వాదన. కానీ ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లిందో, అక్కడ ఏం మాట్లాడిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. బజార్లో కనబడితే ఆ బిడ్డ నవ్వుతూ రెండు చేతులూ చాపి ఆమె మీదికి దూకేవాడు. వాడికి తనతో అంత చనువు ఎప్పుడు ఏర్పడిందో తెలియకుండానే ఎత్తుకునేది.