చాప తీయించిన హెడ్ గుమాస్తా

మొన్న వాన వెలిసిన పొద్దున కంటి ఆసుపత్రికి పోయాను. గుమ్మం ముందర పరిచిన కొబ్బరిపీచు చాప తడిసి ముద్దయి ఉంది. దాని మీద కాలు పెట్టగానే ఆ వగరు వాసన గుప్పున లేచింది. నా కుడిచేతి ఉంగరపు వేలు దానంతట అదే వంకర తిరిగింది. వెనకనున్న మనిషి "పెద్దాయనా, లోపలికన్నా పోండి, పక్కకన్నా జరగండి" అని విసుక్కున్నాడు. అతనికేం తెలుసు పాపం! నేనప్పుడు ఆసుపత్రి గుమ్మంలో లేను. చిత్తూరు మైదానంలో, నీళ్లు చల్లి పరిచిన పీచు చాప కొసన, చేతిలో బంతితో నిలబడి ఉన్నాను. అవతలి కొసన సింగరాచారి గారు బ్యాటు ఆనించుకుని నన్ను కోపంగా చూస్తున్నారు.

సింగరాచారి గారు మా ఆఫీసులో హెడ్ గుమాస్తా. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో నేను చంద్రగిరి పక్క పల్లె నుంచి వచ్చి ఆయన కింద చిన్న గుమాస్తాగా చేరాను. నుదుట నిలువు నామం, భుజం మీద ఉత్తరీయం, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక చీవాటు. అదే మనిషి సాయంత్రం తెల్ల ప్యాంటు తొడిగి మా ఊరి జట్టుకు కెప్టెనయ్యేవారు. పిలక ముడి వల్ల టోపీ నెత్తిన ఎన్నడూ కుదురుగా కూర్చునేది కాదు. బయటి జట్ల వాళ్లు మొదట ఆ టోపీని చూసి నవ్వేవాళ్లు, తర్వాత ఆయన బ్యాటింగు చూసి నోరు మూసుకునేవాళ్లు. ఆఫీసులో నేను రాసిన నోటులో ఒక్క మాట ఎక్కువైతే కొట్టేసేవారు. మైదానంలో నేను ఒక్క బంతి పొట్టిగా వేస్తే అదే చూపు చూసేవారు. ఆ రెండు చోట్లా ఆయనకు భయపడినట్టు నేను మా నాయనకు కూడా భయపడలేదు.

ఇప్పటివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు గడ్డి పిచ్ అనేది లేదు. ఏడాదిలో ముప్పాతిక భాగం ఎండ కాసే గరుసు నేల మీద గడ్డి ఎక్కడి నుంచి వస్తుంది? నేలను తడిపి, రోలరుతో చదును చేసి, దాని మీద పీచు చాప పరిచి, అంచుల్లో ఇనుప మేకులు దిగ్గొట్టేవాళ్లం. అదే మా పిచ్. బంతి ఆ పీచును కరుచుకుని బుసకొట్టినట్టు లేచేది. నేను లెగ్ బ్రేక్ వేసేవాణ్ణి. వేలు కాస్త ఆడిస్తే చాలు, బంతి మూరెడు తిరిగేది. వేలూరు నుంచీ నెల్లూరు నుంచీ వచ్చినవాళ్లు నా బంతికి బ్యాటు ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడేవాళ్లు. ఇక నా కాళ్లు నేల మీద నిలుస్తాయా? బజారులో టీ అంగడివాడు కూడా "మునుస్వామన్నా, ఈ వారం ఎంతమందిని పడగొట్టినావు?" అని అడుగుతుంటే, ఈ భూమ్మీద నన్ను ఆడేవాడు పుట్టలేదనే అనుకున్నాను.

చాపను కాస్త వదులుగా ఉంచితే బంతి ఇంకా ఎక్కువ తిరుగుతుంది. ఈ కిటుకు మా వైపు జట్లన్నిటికీ తెలుసు. ఒకసారి ఆట మొదలుకాకముందే నేను సింగరాచారి గారి దగ్గరికి పోయి మెల్లగా అడిగాను.

"సార్, ఈ పక్క మేకులు రొంత సడలిద్దామా? అందరూ చేసేదే కదా."

ఆయన చాప వైపు చూశారు, నా వైపు చూశారు. మేకులు కొట్టేవాణ్ణి పిలిచి, "బిగించప్పా. నేను చాలనేదాకా బిగించు" అన్నారు.

ఆ రోజు చాప తప్పెట చర్మంలా బిగుసుకుంది. వికెట్లు పడ్డాయి గానీ చెమటోడ్చాల్సి వచ్చింది. ఆట అయ్యాక నేను మూతి ముడుచుకుని కూర్చుంటే ఆయనే వచ్చి పక్కన కూర్చున్నారు.

"కోపమా?"

"లేదు సార్."

"ఉండనీలే. ఒకటి అడుగుతా, చెప్పు. ఇన్నాళ్లూ బంతిని తిప్పింది నువ్వా, చాపా?"

ఈయనకు చాదస్తం ముదిరిందని మనసులో అనుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఆ ఏడాదే మద్రాసులో దొరికింది.

జిల్లాల నుంచి ఆటగాళ్లను ఏరి ఒక జట్టు కడుతున్నారని, నన్ను పరీక్షకు పంపమని మద్రాసు నుంచి కబురొచ్చింది. సింగరాచారి గారు సెలవు పెట్టి నాతో వచ్చారు. గడ్డి పిచ్‌ను నేను చూడటం అదే మొదలు. నున్నగా, పాలిపోయిన పచ్చరంగులో ఉంది. చాప మీద వేసినట్టే వేశాను. అక్కడ ఛాతీ దాకా లేచే బంతి ఇక్కడ మోకాలి దగ్గర నిదానంగా నిలబడి కొట్టమంది. వాళ్లు కొట్టారు. తిప్పాలని చూస్తే బంతి నీ దారి నీది, నా దారి నాది అన్నట్టు సూటిగా పోయింది. సాయంత్రానికి నా బంతులను ఏరుకొచ్చేవాళ్లు అలిసిపోయారు. ఆటగాళ్లను ఎంచే పెద్దమనిషి అందరూ వినేట్టే "పాయ్ బౌలర్" అన్నాడు. అరవంలో పాయ్ అంటే చాప. చాప మీద తప్ప చెల్లనివాడని అర్థం. తర్వాత సింగరాచారి గారితో, "వచ్చే ఏడు ఇంకొక్కసారి చూస్తాం. అప్పుడూ ఇంతే అయితే మీ వైపు నుంచి బౌలర్లను ఇక పిలవం" అన్నాడు.

కాట్పాడిలో రైలు మారాం. చిత్తూరు బండి కదిలాక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు.

"నన్నూ అదే మాట అన్నారప్పా, నీ వయసులో. అదే మైదానంలో."

నేను ఉలిక్కిపడ్డాను. "మీరు బౌలరా సార్?"

"లెగ్ బ్రేకే. ఆడ తల దించుకోని వచ్చినాను. మళ్లా చాప మీదికే పోయి, ఈడ గెలుస్తా ఉండాను కదా, చాల్లే అనుకున్నాను. కొన్నాళ్లకు బంతి వదిలేసి బ్యాటు పట్టినాను. నువ్వట్ల చేస్తే ఊరుకోను."

మర్నాడే మా చాపను చుట్టించి కొట్లో పెట్టించారు. జట్టంతా గోలపెట్టింది. చాప లేకుండా ఆడేదెక్కడ? ఏటి ఇసుకలో బంతి లేవదు. మండపం బండల మీద బుల్లెట్టులా పోతుంది. కొన్నాళ్లు ఆయన ఊరి చుట్టూ నేలలు వెతుకుతూ తిరిగారు. ఒక సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఊరి బయట మునెమ్మ అనే రైతమ్మ కళ్లానికి తీసుకుపోయారు. రాగులు నూర్చి ఎత్తేసిన కళ్లం. పేడతో అలికి ఆరబెట్టిన నేల అద్దంలా ఉంది. బంతి ఒకటి వేయించారు. మద్రాసులో పోయినట్టే సూటిగా, నిదానంగా, తల వంచుకుని పోయింది.

"ఇదే!" అని ఆయన గంతేసినంత పని చేశారు.

మునెమ్మ కొంగు బిగించి పరుగెత్తుకొచ్చింది. "ఏంది సామీ ఇది? నామం పెట్టుకున్న పెద్దమనిషి ఈ ఎర్రగుండు ఎగరేసేదానికి మా కళ్లమే దొరికినాదా? గుంటలు పడితే ఎవురు అలికేది?"

"నేనే అలుకుతానమ్మా."

"మీరా? పేడ కలుపుతారా?" అని ఆమె బుగ్గన వేలు పెట్టుకుంది.

కలిపారు. ఆఫీసులో సిరా మరక అంటితే చేతులు కడుక్కునే మనిషి, పంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూర్చుని పేడనీళ్లతో కళ్లం అలికారు. నన్నూ అలికించారు. మునెమ్మ గట్టున కూర్చుని "ఆ మూల చిక్కగా పడినాది, ఈడ పలచనయినాది" అంటూ మమ్మల్ని ఆడించింది. మాఘమాసం పొడవునా అదే పని. మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. కానీ అలికిన చేయి ఊరికే ఉండదు. నిన్న అలికిన నేల పైకి ఆరినట్టున్నా లోపల చల్లగా ఉంటుంది, బంతిని కాస్త పట్టుకుని వదులుతుంది. బాగా ఎండిన నేల జారవిడుస్తుంది. పొరలు లేచిన చోట దుముకుతుంది. కళ్లు మూసుకుని అరచేయి ఆనిస్తే బంతి ఏం చేస్తుందో తెలిసిపోయేది. ఆయన నేల మీద ఒక తమలపాకు పెట్టి, దాని మీద పడేట్టు వేయమనేవారు. ఆ ఆకును రోజూ బ్యాటు దగ్గరికి జరుపుతూ పోయారు. చాప మీద పొట్టిగా వేసే నా అలవాటు అట్లా వదిలింది. ఇక తిప్పడమంటారా, పీచు సాయం లేదు గనక వేలే తిప్పాలి. ఉంగరపు వేలి చర్మం లేచిపోయింది, మళ్లీ వచ్చింది, కాయ కాచింది. ఒకనాడు ఆ నున్నటి కళ్లం మీద బంతి పడి, ఆగి, ఆయన బ్యాటును దాటుకుని తిరిగింది. మునెమ్మే ముందు చప్పట్లు కొట్టింది. "సామి దొరికిపోయినాడు!" అని ఊరికంతా చెప్పుకుంది.

మద్రాసుకు మళ్లీ పోయాం. పొద్దున ఆట మొదలుకాకముందు నన్ను పిచ్ దగ్గరికి తీసుకుపోయారు. నేను వంగి అరచేయి ఆనించాను. పైన గడ్డి ఎండి గరగరలాడుతోంది, కింద చల్లగా ఉంది.

"ఏం కళ్లం?" అన్నారు ఆయన.

"నిన్న అలికింది సార్."

"అయితే?"

"నిదానంగా వేస్తే పట్టుకుంటాది."

ఆయన వెళ్లి కంచె పక్కన కూర్చున్నారు.

నా చేతికి బంతి వచ్చేటప్పటికి ఇద్దరు పేరున్న బ్యాటర్లు పాతుకుపోయి ఉన్నారు. పోయినేడు నన్ను చితకబాదిన పొడుగాటి మనిషే ఎదురుగా ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. మొదటి బంతిని ముందుకొచ్చి ఫోరు కొట్టాడు. పోయినేడయితే భయపడి పొట్టిగా వేసేవాణ్ణి. ఈసారి ఇంకా నిదానంగా, ఇంకా ఎత్తుగా, ఇంకా ముందుకు వేశాను. అతను మళ్లీ ముందుకొచ్చాడు. బంతి అతని కళ్ల ముందే కిందికి దిగింది, నేలను పట్టుకుంది, తిరిగింది. బ్యాటు గాలిని కొట్టింది. వెనకాల కీపరు బెయిల్స్ ఎగరగొట్టాడు. ఆ తర్వాత జరిగింది చెప్పుకుంటే గొప్పలనుకుంటారు. అనుకోండి, గొప్పే మరి! వచ్చినవాడు వచ్చినట్టే పోయాడు. మధ్యాహ్నం భోజనాలకు లేచేసరికి ఆ జట్టు మొత్తం కంచె ఇవతల ఉంది. పోయినేడు పాయ్ బౌలర్ అన్న పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి చేయి పట్టుకుని, వేలి మీది కాయను తడిమి చూశాడు. "మీ ఊళ్లో గడ్డి పిచ్ ఎప్పుడు వేశారు?" అని అడిగాడు. నా పేరు జట్టులో రాసుకున్నాడు. మా వైపు బౌలర్లను ఇక పిలవం అనే మాట ఆ తర్వాత ఎవరి నోటా వినలేదు.

సాయంత్రం మైదానం ఖాళీ అయింది. నేను బూట్లు విప్పుకుంటున్నాను. సింగరాచారి గారు కోటు తీసి నా ఒళ్లో పెట్టారు, చెప్పులు విడిచారు.

"ఆ బంతి ఇటియ్యి. కీపరు చోట నిలబడు."

పంచె ఎగ్గట్టుకుని, ఉత్త కాళ్లతో, నాలుగడుగులు నడిచొచ్చి వేశారు. సూటిగా పోయింది. ఇంకొకటి వేశారు. అదీ సూటిగానే పోయింది. ఆయన నిదానంగా వంగి, నేల మీద అరచేయి ఆనించి, కాసేపు అట్లాగే ఉన్నారు. లేచి మళ్లీ వేశారు. బంతి గాలిలో ఆలస్యం చేసింది. పడింది. నా ఎడమ వైపు పోవాల్సింది కుడి వైపుకు తిరిగి, నేను పట్టుకునేలోపల దాటిపోయింది.

నేను పరుగెత్తి తెచ్చి ఇచ్చాను. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ముఖమంతా నవ్వు.

"రైలుకు టైమయినాదా మునుస్వామీ?"

"ఇంకా ఉండాది సార్."

"అయితే ఇంకొకటి ఏస్తా."

ఇన్నేళ్లలో ఎన్నో పిచ్‌ల మీద ఆడాను, ఎంతోమందికి ఆట నేర్పాను. నువ్వు చూసినవాటిలో గొప్ప బంతి ఏదని కుర్రవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఏదో పెద్ద పేరు చెబుతానని ఎదురుచూస్తారు. ఆ బంతికి బ్యాటర్ లేడు, అంపైర్ లేడు, లెక్క రాసేవాడు లేడు. ఒక హెడ్ గుమాస్తా పంచె కట్టుకుని ఉత్త కాళ్లతో వేశాడు. ముసలాయన ఏదో అంటున్నాడని వాళ్లు నవ్వుకుంటారు, నవ్వనీ. అది తిరిగింది. నేను చూశాను.