బల్ల కింద అయస్కాంతం

కాలిన కాయిల్ వాసనకు నా ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయింది. స్పీకర్ విప్పుతున్నప్పుడు స్క్రూడ్రైవర్ చేతిలోంచి జారి అయస్కాంతానికి అతుక్కునే ఆ ‘టక్కు’మనే చప్పుడుకు మాత్రం చెవులు ఇంకా అలవాటు పడలేదు. నిన్న మధ్యాహ్నం ఒక పెళ్లి ఊరేగింపులో పేలిపోయిన స్పీకర్‌ను విప్పుతుంటే ఆ చప్పుడే వినిపించింది. మధ్యలో ఇరుక్కున్న వేలు నల్లగా కమిలింది. గోవర్ధనం సారు గుర్తొచ్చాడు. ఆయన పోయి మూడేళ్లు దాటింది. గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందు కోపం వస్తుంది, ఆయన ముఖం ఆ తర్వాతే.

తిరుపతిలో నాది మైకుసెట్లు బాగుచేసే అంగడి. ఆయన రైల్వేలో వ్యాగన్లు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరై, రేణిగుంటలో ఇల్లు కట్టుకున్నాడు. మేడమీద గదిలో పెద్ద ప్లైవుడ్ బల్ల వేసి, దాని మీద బొమ్మ రైలు స్టేషన్ ఒకటి తయారు చేసుకుంటున్నాడు. తన చిన్నతనంలో పాకాల జంక్షన్ ఎలా ఉండేదో అలాగే కట్టాలని ఆయన పట్టుదల. ఇంజనూ వ్యాగన్లూ చెన్నైలో కొన్నాడు. నా అంగడికి వచ్చింది మాత్రం పగిలిన స్పీకర్ల కోసం.

“మ్యాగ్నెట్లు ఉంటే ఇస్తావా అప్పా? రైలు పెట్టెలు విడదీయాల, చెయ్యి పెట్టకుండా.”

“చెయ్యి పెడితే ఏమి సార్, బొమ్మ రైలే కదా?”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “బొమ్మే. అయినా పెట్టగూడదు.”

కారణం చాలా రోజుల తర్వాత చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఏదో చిన్న స్టేషన్లో, రెండు పెట్టెల మధ్యకు దూరి కొక్కెం విప్పుతున్న మనిషి ఆయన కళ్లముందే నలిగిపోయాడట. అందుకే తన స్టేషన్లో పెట్టెల మధ్యకు మనిషి వెళ్లకూడదు, చెయ్యి కూడా వెళ్లకూడదు. “ఆ మనిషి పేరేంది సార్?” అని అడిగాను. “యాడ గుర్తుంటాదబ్బా ఇన్నేండ్లకు?” అన్నాడు. ఆ జవాబును నేను అప్పుడే సరిగ్గా విని ఉండాల్సింది.

సెలవు రోజుల్లో రేణిగుంటకు పోవడం మొదలుపెట్టాను. ఆ చిన్న వ్యాగన్ల కొక్కేలకు కింద సన్నటి ఇనుప తీగలు వేలాడుతుంటాయి. పట్టాల కింద అయస్కాంతం ఉంటే, అది ఆ తీగల్ని చెరో పక్కకు లాగి కొక్కేలను తెరుస్తుంది. కానీ ఇంజను ముందుకు లాగుతున్నంతసేపూ కొక్కేలు ఒకదాన్నొకటి బిగబట్టుకునే ఉంటాయి. అప్పుడు ఎంత బలమైన అయస్కాంతమైనా వాటిని తెరవలేదు. సరిగ్గా దాని మీద బండి ఆపి, ఇంజన్ను వెంట్రుకవాసి వెనక్కి నడపాలి. బిగువు సడలగానే వాటంతట అవే విడిపోతాయి. నాకు ఆ ఓపిక లేదు. మొదటిరోజు బండి నడిపే మీట ఒక్కసారిగా తిప్పేసరికి నాలుగు వ్యాగన్లు పట్టాలు తప్పి పడ్డాయి.

“లాగొద్దబ్బా. ముందు వదులు ఇయ్యి. వదులు ఇయ్యకుండా లాగితే యాడో ఒకచోట తెగేదే.”

నిజం చెప్పాలంటే, నా చేతులకు పని నేర్పింది ఆ మాటే. అంతకుముందు నేను తొందరలో స్పీకర్ల కాగితపు కోన్లు చించేవాణ్ణి, వైర్లు తెంపేవాణ్ణి. ఆ గదిలో కూర్చున్న ఏడాదిలో నా చెయ్యి కుదుటపడింది. ఇది ఆయన పెట్టిన భిక్షే. కాదని నేనెప్పుడూ అనలేదు. అలాగే, పడిపోయిన వ్యాగన్ను చేత్తో సర్దబోతే ఇనుప స్కేలుతో ఆయన నా వేళ్ల మీద కొట్టిన సంగతీ మరవలేదు. అప్పటికే నేను ఇద్దరు బిడ్డల తండ్రిని. కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిన ఆయన భార్య అంతా చూసింది.

అయస్కాంతంతో ఇంకో చిక్కు ఉంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా. ఆగకుండా పోవలసిన బండి కూడా అక్కడ కాస్త తడబడితే చాలు, సగం పెట్టెలు వెనకే నిలిచిపోయేవి. సారు దాంతో నెలల తరబడి తల బాదుకున్నాడు. ఉపాయం కనిపెట్టింది నేను. అయస్కాంతం ముక్కల్ని ఒక చెక్కకు బిగించి, ఆ చెక్కను తలుపు బందుతో బల్ల అడుగున వేలాడదీసి, దానికి సైకిల్ బ్రేకు కేబుల్ కట్టాను. బ్రేకు నొక్కితే చెక్క పట్టాల దాకా లేస్తుంది. వదిలితే కిందికి వాలిపోతుంది, అయస్కాంతం లేనట్టే. సారు పదిసార్లు బండి నడిపి చూసుకున్నాడు. “నీది మంచి బుర్రే మునిరత్నం” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాం.

కొన్నాళ్లకు ఒక బడిలో పిల్లలకు చూపించమని ఆయన్ను పిలిచారు. బయల్దేరే ముందు నేను నోరు తెరిచి అడిగాను. “సార్, ఈ మ్యాగ్నెట్ ఏర్పాటు నాదని ఒక మాట చెప్పాల.”

“చెప్తాలే అబ్బా. చెప్పకుండా యాడికి పోతా?”

ఆ భరోసాతో భార్యనూ బిడ్డలనూ పిలుచుకుని పోయి రెండో వరుసలో కూర్చోబెట్టాను. బల్లను టెంపోలో తెస్తుంటే కుదుపులకు కేబుల్ తెగింది. ఇంకో దారి లేక, బల్లకు చుట్టిన ఎర్రగుడ్డ వెనక దూరి, చెక్కను చేత్తో లేపడానికి ఒప్పుకున్నాను. సారు కాలితో నేలమీద తడితే లేపాలి, మళ్లీ తడితే దించాలి.

అక్కడ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఆయన ఉపన్యాసమంతా విన్నాను. నలిగిపోయిన మనిషి గురించి చెప్పాడు. “ఇప్పుడు చూడండి పిల్లలూ. ఎవరూ మధ్యలోకి దూరే పని లేదు. మనిషితో అవసరమే లేదు. దానంతట అదే విడిపోతుంది” అన్నాడు. కాలు తట్టాడు. నేను చెక్క లేపాను. నా తలమీద బండి ఆగి, వెంట్రుకవాసి వెనక్కొచ్చి, పెట్టెల్ని వదిలి వెళ్లిన చప్పుడు వినిపించింది. చప్పట్లు మోగాయి. ఇప్పుడు చెబుతాడనుకున్నాను. రెండోసారి నడిపాడు. చెప్పలేదు. మూడోసారి కూడా “దానంతట అదే” అన్నాక, చెక్క దించి, గుడ్డ పైకెత్తి బయటికొచ్చి నిలబడ్డాను.

“సార్, అడుగున మనిషి ఉండాడు” అన్నాడు ముందు వరుసలో ఒక పిల్లవాడు. హాలంతా నవ్వింది.

సారు నావైపు చూడలేదు. “మా మైకు అబ్బాయిలే. వైరు సరిజేస్తా ఉండాడు.”

తిరుగు బస్సులో నా చిన్నకూతురు అడిగింది. “నాయనా, అయితే నువ్వు వైరే కదా సరిజేసింది?” ఇంట్లో అన్నాళ్లుగా నేను చెప్పుకున్నదంతా కోతలైపోయింది.

మళ్లీ రేణిగుంటకు పోలేదు. నెల తర్వాత ఆయనే అంగడికి వచ్చాడు.

“కేబుల్ ఎయ్యాల, ఒకసారి రాప్పా.”

“ఆ బడికే వస్తా సార్. ఆ పిల్లోళ్ల ముందర చెప్పండి, ఆడే వేస్తా.”

“ఇంత చిన్నదానికా?”

“చిన్నదైతే చెప్పేయొచ్చు కదా సార్.”

“సూద్దాంలే” అని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకెప్పుడూ రాలేదు. నేనే ఒక మెట్టు దిగి ఉండాల్సిందని చాలామంది అన్నారు. ఆయన దగ్గరే నేర్చుకున్నాను, వెనక్కి రావలసింది ఇంజను. పెట్టె కాదు.

ఆయన పోయాక సంతాపసభకు మైకు పెట్టమని కొడుకు హరి నన్నే పిలిచాడు. పెట్టాను. నా మైకులో అందరూ ఆయన్ను పొగిడారు. నన్ను మాట్లాడమని ఎవరూ అనలేదు. జనం భోజనాలకు లేచాక, కరెంటు వైరు తీసుకోవడానికి మేడమీదికి వెళ్లాను. హరి ఎవరో బంధువుకు రైలు నడిపి చూపిస్తున్నాడు. బండి ఆ చోటికి రాగానే కాస్త నెమ్మదించి, రెండు ముక్కలైంది.

“ఎప్పుడూ ఇంతేన్నా” అన్నాడు హరి. “నాయన ఉన్నెప్పుడు కూడా ఆడికొస్తే తెగిపోయేది. చేత్తో తగిలించుకునేవాడు.”

చేత్తో. నా వేళ్ల మీద స్కేలు దెబ్బ మళ్లీ చురుక్కుమంది. వాళ్లు కిందికి దిగాక వంగి బల్ల అడుగున చూశాను. కేబుల్ లేదు, బందు లేదు. నా చెక్కను ఇక కిందికి వాలకుండా పొడుగాటి మరలతో పైకే బిగించేశాడు. నా పేరు ఒక్కసారి పలకడం కన్నా, వచ్చిన ప్రతి బండీ అక్కడ తెగిపోవడమే ఆయనకు సులువనిపించింది. మరలు విప్పి, నా అయస్కాంతం ముక్కలు నేను జేబులో వేసుకున్నాను. ఎవరేమన్నా అనుకోనీ, అవి నావి.

ఇప్పుడవి అంగడిలో షట్టరు చట్రానికి అతుక్కుని ఉన్నాయి. వాటిని మళ్లీ ఏ స్పీకర్‌కూ వేయలేదు. నిన్న వేలు కమిలిన కాసేపటికే ఒక భజన మందిరం కుర్రాడు అంగడికొచ్చి, యాంప్లిఫయర్‌లో ఇరుక్కున్న పిన్నును గుంజసాగాడు. “లాగొద్దప్పా, ముందు వదులు ఇయ్యి” అన్నాను. పిన్నును కొంచెం లోపలికి నొక్కి తిప్పి తీసిచ్చాను.

“ఈ పని యాడ నేర్చినావన్నా?”

“గోవర్ధనం సారని, రేణిగుంటాయన. ఆయన నేర్పించినాడు.”

పేరు చెప్పడానికి అంతసేపే పడుతుంది.