జీపు కింద ఆ రాగం

గ్రీజు వాసన తగిలితే నేను ఇప్పటికీ ఆగి చెవి రిక్కిస్తాను. మొన్న నోయిడాలో మా ఫ్లాట్ల లిఫ్టు బాగుచేస్తుంటే ఆ వాసన మెట్ల మీదుగా మా గుమ్మం దాకా వచ్చింది. నేను తలుపేసుకుని, ఇరవై ఏళ్ళుగా సొరుగులో ఉంచుకున్న ఇనుప ముక్కను బయటికి తీశాను. ఒక పక్క మందం, ఇంకో పక్క పలచన. వర్క్‌షాపు హిందీలో నాన్న దాన్ని పచ్చర్ అనేవాడు.

నాన్న ఢిల్లీ కంటోన్మెంటులో హవల్దారు, బండ్ల మెకానిక్కు. మాది విజయనగరం వైపు. నా తొమ్మిదో ఏట ఆయన వేలంలో ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు, అమ్మ దానికి సవతి అని పేరు పెట్టింది. చలికాలం ఆదివారాలంటే క్వార్టర్ల వెనక కీకర్ తుమ్మ చెట్ల కింద పల్చటి ఎండ, అమ్మ వేడివేడిగా తెచ్చిచ్చే మెంతికూర పరాఠాలు, నా నోట్లో నువ్వుల రేవడీ, జీపు కింద నుంచి కనిపించే నాన్న కాళ్ళు. ఆరావళి రాళ్ళ దారుల్లో తిరగాలని ఆయన ఇరుసు మీది కమాన్ల స్ప్రింగులకు పట్టీలు చేర్చి జీపును జానెడు ఎత్తు లేపాడు. అప్పుడు మొదలైంది ఆ రాగం.

బండి ఎత్తు పెరిగితే ముందు చక్రాలకు తిప్పుడునిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మరీ ఏటవాలుగా వంగిపోతుందట. నలభై వేగం దాటగానే కాళ్ళ కింది రేకులోంచి, ఎవరో ఆడమనిషి నోరు మూసుకుని కూనిరాగం తీస్తున్నట్టు వినిపించేది. కమాను కింద పచ్చర్ పెట్టి ఇరుసు మూతిని పైకి తిప్పితే షాఫ్ట్ వంపు తగ్గుతుంది, రాగం ఆగుతుంది. కానీ ఆ తిప్పుడుతోనే క్యాస్టర్ కూడా తగ్గిపోతుంది. అదేమిటని అడిగితే నాన్న నా సైకిల్ ముందు ఫోర్కు వాలు చూపించి, ఆ వాలు లేకపోతే మలుపు తిరిగాక హ్యాండిల్ తనంతట తను తిన్నగా రాదని చెప్పాడు. రెండింటికీ సరిపడే మందం వెతకడమే ఆ చలికాలమంతా ఆయన పని.

ఒక చిక్కుంది. ఏళ్ళ తరబడి ఇంజన్ల మోత మధ్య పనిచేసి నాన్న చెవులు దెబ్బతిన్నాయి. ప్రమోషన్ మెడికల్ పరీక్ష దగ్గర పడుతోంది కాబట్టి ఆ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. అందుకని చెవి నాదే. పొగమంచు పొద్దుల్లో, ఖాళీ రోడ్డు మీద, వెనక రేకుకు చెవి ఆనించి పడుకునేదాన్ని.

"ఇంకా వస్తందా, బుజ్జీ?"

"ఆ రహీ హై, నాన్నా," వస్తోందనేదాన్ని.

ఇంటికొచ్చి పచ్చర్ మార్చి, మరింత మందంది బిగించేవాడు. మళ్ళీ వెళ్ళేవాళ్ళం. మళ్ళీ వచ్చేది. స్టీరింగు రోజురోజుకూ వదులవుతోందనీ, తిన్నటి రోడ్డు మీద కూడా దానంతట అదే కాస్త పక్కకు తిరుగుతోందనీ నాన్న గొణుక్కునేవాడు. నేను అబద్ధం చెప్పలేదు, నాకు వినిపించింది. ఒకరోజు రైలు గేటు దగ్గర ఇంజన్ ఆపేసి నిలబడ్డాం. చుట్టూ తెల్లటి పొగమంచు, చడీచప్పుడూ లేదు. రేకు కింద ఆ రాగం మాత్రం ఆగలేదు. ఆ మాట చెప్పేస్తే నాన్న నన్నిక వెంట తీసుకెళ్ళడని భయపడి నోరు మూసుకున్నాను.

ఆ తరవాతి ఆదివారం అమ్మ ముందు సీట్లో కూర్చుంది, ఒళ్ళో పులిహోర డబ్బా. మలుపు తిరిగాక స్టీరింగు వెనక్కి రాలేదు. నాన్న రెండు చేతులా లాగుతూనే ఉన్నాడు, జీపు నెమ్మదిగా, ఎవరో పిలిచినట్టు, రోడ్డు దిగి కీకర్ చెట్టును ఢీకొంది. అమ్మ ఎడమ మణికట్టు విరిగింది.

జీపును వర్క్‌షాపులోని సర్దార్ అంకుల్ వెనక్కి తెచ్చాడు. బాగుచేశాక, మొదటి రోజు పెట్టిన పలచటి పచ్చర్‌నే బిగించి నడిపి చూశాడు. దిగి, "కోయీ ఆవాజ్ నహీ హై" అన్నాడు. అంటే రాగం మొదటి రోజే ఆగిపోయింది. నాన్న నావైపు చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ వారమే తనంతట తను వెళ్ళి డాక్టరుకు చెవుల సంగతి చెప్పేశాడు. ప్రమోషన్ రాలేదు, జీపు ఎవరో కొనుక్కుపోయారు.

ఆ క్వార్టర్లు కూల్చేశారు, కీకర్లు లేవు. అమ్మ మణికట్టు మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు. నాన్న నా దగ్గరే ఉంటున్నాడు, చెవులు దాదాపు పోయాయి. మొన్న నేను సొరుగు ముందు కూర్చుని ఉంటే వచ్చి, పచ్చర్‌ని చేతిలోకి తీసుకుని, పలచటి అంచు మీద బొటనవేలు రాస్తూ అడిగాడు.

"ఇంకా వస్తందా, బుజ్జీ?"

"లేదు నాన్నా," అన్నాను, పెదవుల కదలిక ఆయనకు తెలిసేలా, నెమ్మదిగా.

నేలకు ఆనిన నా పాదాల కింద అది వినిపిస్తూనే ఉంది.