బండ కడిగిన నీళ్లు

కూరలో వేసే లవంగం, చెక్క ఏ దేశంలో పుట్టాయో ఎవరైనా వివరిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంటికి అవి పక్క వీధి నుంచి, చెంబులో వచ్చేవి.

యాభైల్లో వానలు వరసగా ఎగ్గొట్టి, చేలో ధనియాలు కూడా పండని రోజులవి. మసాలా దినుసుల అంగడి ఉన్న సాయిబు ఇంట్లో మా అమ్మ అంగట్లో అమ్మే మసాలా ముద్ద నూరేది. నూరిన బండ కడిగిన నీళ్లు ఎవరింట్లోనైనా వాళ్ల కూరలోకే పోతాయి. ఆ ఇల్లాలు మాత్రం చూడనట్టు పక్కకు తిరిగేది. అమ్మ ఆ నీళ్లను చెంబులో పట్టుకొచ్చి, ఉప్పు వేసి కాచేది. సంగటిలోకి అదే మా కూర.

ఒక మధ్యాహ్నం ఆమె పక్కకు తిరగలేదు. బండ తానే కడిగి, ఆ నీళ్లు తన కుండలో పోసుకుంది.

"ఈ పొద్దు మాకు గూడా ఇదే కూరక్కా," అంది, తల ఎత్తకుండా.

"దాన్దేముండాది, నీ బండే కదమ్మా," అంది అమ్మ.

చేతులైనా కడుక్కోకుండా, ఖాళీ చెంబుతో ఇంటికొచ్చింది. కూరేదని నేను ఏడుపు మొదలుపెట్టాను. అమ్మ కుండలో నీళ్లు పోసి, మసాలా అంటిన చేతులు రెండూ అందులోనే కడిగి, పొయ్యి మీద పెట్టింది.